కుక్కపిల్లకు నట్టల మందు ఎలా వేయాలి, ఆ పురుగులు పిల్లలకు అంటకుండా ఎలా చూడాలి

ఇంట్లోకి కుక్కపిల్ల వచ్చిన వారం పది రోజులకు ఫోన్ వస్తుంది. గొంతులు మారతాయి గానీ సంగతి ఒకటే. "దొడ్డికి వెళ్తే సేమియా లాంటివి కదులుతూ పడ్డాయండీ. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. కుక్కను తిరిగి ఇచ్చేయమంటున్నారు మా అత్తగారు. ఏం చేయమంటారు?"

ఇచ్చేయక్కర్లేదు. అలాగని ఒక మాత్ర మింగించి చేతులు దులుపుకున్నా కుదరదు. నట్టల మందు సగం పనే చేస్తుంది. మిగతా సగం చేటా, పారా, సబ్బూ చేయాలి. చాలామంది మొదటి సగం చేసి రెండోది వదిలేస్తారు. మూడు నెలలకు మళ్లీ అదే ఫోన్.

ముందు తెలియాల్సింది కొంచెమే

కుక్క నుంచి మనిషికి వచ్చే పురుగుల్లో మన ఊళ్లలో పట్టించుకోవాల్సినవి నాలుగు. మలంతో బయటపడ్డాక అంటించే శక్తి రావడానికి వీటిలో కొన్నిటికి గడువు పడుతుంది, ఆ గడువు తెలిస్తే పని తేలిక.

- ఏలిక పాములు: సేమియాలా కనిపించేవి ఇవే. తల్లి కడుపులో ఉండగానే, తర్వాత పాల ద్వారా కూడా కుక్కపిల్లకు వస్తాయి. అందుకే "మా పిల్ల ఇంకా బయటకే వెళ్లలేదండీ" అన్నా లాభం లేదు. వీటి గుడ్లు మలంతో పడిన రోజున ఏమీ చేయవు. మట్టిలో మామూలుగా 2 నుంచి 4 వారాలు ఉన్నాకే అంటించే శక్తి వస్తుంది, మన ఎండాకాలపు వేడికి ఇంకొంచెం ముందే. ఆ తర్వాత మాత్రం నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి మట్టిలో బతికే ఉంటాయి. మనిషి నోట్లోకి వెళ్లాలి, అప్పుడే అంటుకుంటాయి.
- కొంకి పురుగులు: కుక్కపిల్ల పేగుకు కరుచుకుని రక్తం తాగుతాయి. వీటి పిల్లలు తడి మట్టిలో వారం లోపే సిద్ధమవుతాయి. నోటిదాకా రానక్కర్లేదు, ఒట్టి పాదానికి తగిలితే చర్మంలోకి దూరతాయి.
- బద్దె పురుగు: కుక్క వెంట్రుకల్లో గెంతే చిన్న గోధుమరంగు పురుగుల్లో దీని పిల్ల ఉంటుంది. షాపులో ఫ్లీస్ అంటే తెలుస్తుంది. కుక్క ఒళ్లు కొరుక్కుంటూ ఆ పురుగును మింగుతుంది. కుక్కతో ఆడే పసిపిల్లలు కూడా పొరపాటున మింగుతారు.
- గొర్రెల ద్వారా వచ్చే చిన్న బద్దె పురుగు: డాక్టర్లు హైడాటిడ్ అనే జబ్బుకు కారణం ఇదే. దీనికి గడువే లేదు. గుడ్డు కుక్క మలంతో బయటపడిన క్షణం నుంచే అంటుకుంటుంది. దీని సంగతి 6వ మెట్టులో విడిగా చెబుతాను.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- బరువు చూసే మిషన్, మనుషులదే చాలు
- డాక్టరు రాసిచ్చిన నట్టల మందు
- సూది లేని సిరంజి, 5 మి.లీ.ది
- కాస్త పెరుగన్నం లేదా కోడిగుడ్డు
- పాత పాల కవర్లు, చిన్న పార లేదా రేకు ముక్క
- రబ్బరు గ్లవ్స్, సబ్బు
- గోడకు తగిలించే క్యాలెండర్. ఫోన్‌లో పెట్టుకుంటానంటే మీ ఇష్టం. కానీ గోడ మీదిది ఇంట్లో అందరికీ కనిపిస్తుంది

1. బరువు తూచండి, అంచనా వేయకండి

ముందు మీరొక్కరే మిషన్ ఎక్కండి. 62 కిలోలు వచ్చిందనుకుందాం. కుక్కపిల్లను ఎత్తుకుని మళ్లీ ఎక్కండి. 65.5 వస్తే దాని బరువు 3.5 కిలోలు. మరీ చిన్న పిల్లయితే గిన్నెలో కూర్చోబెట్టి కిరాణా కొట్టు కాటా మీద తూస్తే ఇంకా నయం.

ఇంత చిన్న విషయం ఎందుకు చెబుతున్నానంటే, మా మొదటి కుక్కకు నేనే కంటిచూపుతో 5 కిలోలని లెక్కేసి మందు పోశాను. వారం తర్వాత టీకాకు తీసుకెళ్లి తూస్తే 8. నేనిచ్చింది దానికి ఏ మూలకూ చాలలేదు. మందు తక్కువైతే కొన్ని పురుగులు చచ్చి కొన్ని మిగులుతాయి, మనం మాత్రం వేసేశాం కదా అని నిశ్చింతగా ఉంటాం. కుక్కపిల్ల 15 రోజుల్లోనే చాలా పెరుగుతుంది కాబట్టి వేసే ప్రతిసారీ తూచాలి.

2. సరైన మందు అడగండి

రెండు వారాల వయసు నుంచి కుక్కపిల్లలకు పైరాంటెల్ సిరప్ వాడతారు. కాస్త పెరిగాక పైరాంటెల్, ఫెబాంటెల్, ప్రాజీక్వాంటెల్ కలిసిన మాత్ర రాస్తారు. మామూలుగా 10 కిలోల బరువుకు ఒక మాత్ర. పెద్ద జాతులకు ఇంకో సైజు మాత్రలు కూడా ఉంటాయి కాబట్టి అట్ట మీది లెక్క చదవండి. బద్దె పురుగులకు ప్రాజీక్వాంటెల్ ఉన్నదే కావాలి, ఉత్త పైరాంటెల్ వాటిని ఏమీ చేయదు.

వేయకూడనివి:

- ఇంట్లో మిగిలిన మనుషుల ఆల్బెండజోల్ మాత్ర. లెక్క తప్పితే కుక్క ఎముకల మూలుగ దెబ్బతినే ప్రమాదం ఉంది.
- గొర్రెలకు పోసే నట్టల మందు, లేదా గొర్రెలకు వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్. "గొర్రెకు పడింది కుక్కకు పడదా" అంటారు పల్లెల్లో. పడదు. ముఖ్యంగా కోలీ లాంటి జాతులకు ఐవర్‌మెక్టిన్ ఎక్కువైతే మెదడుకు ఎక్కి ప్రాణాల మీదికి వస్తుంది.
- వెల్లుల్లి, ఆముదం, వేపాకు రసం. వెల్లుల్లి కుక్కకు విషం. మిగతా వాటితో విరేచనాలు కావచ్చేమో గానీ పురుగులు పోతాయన్న నమ్మకం పెట్టుకోకండి.

చూలుతో ఉన్న కుక్కకు ఏదైనా వేసేముందు డాక్టరును అడిగి తీరాలి.

3. తేదీలు ముందే రాసేయండి

పుట్టిన 2 వారాలకు మొదటిది. అక్కడి నుంచి 15 రోజులకోసారి, 3 నెలలు నిండేదాకా. తర్వాత 6 నెలల వయసు వచ్చేదాకా నెలకోసారి. ఆ తర్వాత జీవితాంతం 3 నెలలకోసారి. మీ చేతికి వచ్చేసరికి 45 రోజుల పిల్ల అయితే, ఇచ్చినవాళ్లు "వేశామండీ" అన్నా సరే, తెచ్చిన వారంలోనే ఒకసారి వేయించి అక్కడి నుంచి లెక్క పెట్టండి.

ఇన్నిసార్లు ఎందుకంటే, మందు పేగులో ఉన్న పురుగుల మీదే పనిచేస్తుంది. ఒంట్లో తిరుగుతున్న పిల్ల పురుగులు దానికి దొరకవు. అవి రెండు వారాల్లో పేగులోకి దిగుతాయి, అప్పుడు మళ్లీ వేయాలి. తల్లి కూడా మీ దగ్గరే ఉంటే పిల్లలకు వేసిన రోజే దానికీ వేయండి. పిల్లల్ని నాకి శుభ్రం చేసేది అదే కాబట్టి దానికి మళ్లీ పడుతుంది.

4. మింగించడం

పస్తు పెట్టక్కర్లేదు. సిరప్ అయితే సీసా బాగా కుదపండి. మందంతా అడుగున పేరుకుని ఉంటుంది, కుదపకపోతే పైనున్న తీపి నీళ్లే పోస్తాం. సిరంజిలోకి లాగి, నోటి పక్కగా దవడ సందులో పెట్టి, కొంచెం కొంచెంగా వదలండి. తల పైకెత్తి గొంతులోకి సూటిగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మాత్రను పెరుగన్నం ముద్దలో పెట్టి ఇవ్వండి. ముందు మాత్ర లేని ముద్ద ఒకటి, తర్వాత మాత్ర ఉన్నది, వెంటనే ఇంకొకటి. కుక్కలు గడుసువి, ఒక్క ముద్దే ఇస్తే అన్నం తిని మాత్ర పక్కన ఊసేస్తాయి. సోఫా కింద రెండు రోజుల తర్వాత దొరుకుతుంది.

వేసిన గంటలోపు వాంతి చేసుకుంటే మీ అంతట మీరే మళ్లీ వేయకండి, డాక్టరుకు ఫోన్ చేయండి.

5. మలం తీయండి, రోజూ

ఈ మెట్టు చదవకుండా దాటేసేవాళ్లే ఎక్కువ. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నట్టు, గుడ్డు మట్టిలో కలిశాక పడే తిప్పలకంటే కలవక ముందే తీసేయడం ఎంతో తేలిక.

పైన చెప్పిన గడువు గుర్తుంది కదా? ఏలిక పాము గుడ్డుకు వారాలు, కొంకి పురుగుకు కొన్ని రోజులు కావాలి. మీరు రోజూ తీసేస్తే ఆ రెండింటికీ సమయం దొరకదు. వారానికోసారి పెరడు ఊడిస్తే కొంకి పురుగు మీకంటే ముందుంటుంది.

పాల కవరును చేతికి తొడుక్కుని, మలాన్ని పట్టుకుని, కవరును తిరగేసి ముడి వేయండి. చెత్త బండి వచ్చే ఊరైతే అందులో వేయండి. లేదంటే కూరగాయల మడికి, బావికి దూరంగా గుంట తీసి పూడ్చండి. మొక్కలకు ఎరువుగా మాత్రం వేయకండి. ఆవు పేడ వేరు, ఇది వేరు.

నట్టల మందు వేసిన తర్వాత 3 రోజులు ఇంకా జాగ్రత్త. మందు పురుగును చంపుతుంది గానీ గుడ్డును చంపదు. ఆ మూడు రోజుల మలంలో గుడ్లు మామూలుగా కంటే ఎక్కువే ఉండొచ్చు. గ్లవ్స్ వేసుకోండి.

సిమెంటు నేల అయితే తీశాక మరిగే నీళ్లు పోయండి. ఫినాయిల్ పోస్తే వాసన పోతుంది, గుడ్డు పోదు. బ్లీచింగ్ పౌడర్‌ను కూడా నమ్ముకోవద్దు. ఈ గుడ్ల పెంకు మామూలు మందులకు లొంగదు, వేడికి లొంగుతుంది.

ఇంకొకటి, ఇసుక కుప్ప. వీధిలో ఎవరో ఇల్లు కడుతుంటారు, ముందు లారీ ఇసుక దింపి ఉంటుంది. పగలు పిల్లలు అందులో గుళ్లు కడతారు, రాత్రి కుక్కలూ పిల్లులూ అక్కడికే వస్తాయి. పిల్లుల్లో ఉండే ఏలిక పాములూ మనుషులకు అంటుకుంటాయి. మీ ఇసుకైతే సాయంత్రం పట్టా కప్పి నాలుగు ఇటుకలు పెట్టండి. పక్కవాళ్లదైతే చెప్పి చూడండి. వినకపోతే మీ పిల్లలకు చెప్పులు వేసి పంపి, రాగానే చేతులు కడిగించండి.

6. పచ్చి కార్జం, ఊపిరితిత్తులు కుక్కకు వేయకండి

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలున్నాయి. దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం మన రెండు రాష్ట్రాల్లోనే. మంద ఉన్నచోట కుక్క ఉంటుంది, అందుకే ఈ పురుగు బతకడానికి కావాల్సిన కుక్క, గొర్రె రెండూ మన దగ్గర దొరుకుతాయి.

అది తిరిగే దారి ఇది. కుక్క మలంతో గుడ్డు గడ్డి మీద పడుతుంది. గొర్రె మేస్తుంది. గొర్రె కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీళ్ల బుడగలు పెరుగుతాయి. గొర్రెను కోసినప్పుడు బుడగలున్న ముక్కను పనికిరాదని కుక్కకు విసురుతారు. కుక్క పేగులో వేలకొద్దీ చిన్న పురుగులు తయారవుతాయి. ఆరేడు వారాల్లో మళ్లీ గుడ్లు. ఆ గుడ్డు గడ్డికి బదులు మనిషి నోట్లోకి వెళ్తే, గొర్రెకు వచ్చిన బుడగే మనిషికీ వస్తుంది.

బోనాలకో, జాతరకో, ఇంట్లో శుభకార్యానికో పొట్టేలును కోసినప్పుడు ఒకరిని ఈ పనికే నిలబెట్టండి. కార్జం, ఊపిరితిత్తులు కోయగానే పట్టి చూడాలి. తెల్లటి గోడతో, లోపల నీళ్లు నిండి, నొక్కితే గట్టి బుడగలా తగిలితే ఆ ముక్కను కోయకండి, పగలగొట్టకండి, కుక్కకు వేయకండి. కుక్కలు తవ్వలేనంత లోతున, కనీసం మూడడుగులు, పూడ్చి పైన రాళ్లు పెట్టండి. లేదా కాల్చేయండి. బుడగలు లేని ముక్కలైనా కుక్కకు పెట్టాలనుకుంటే చిన్నగా కోసి అరగంటకు పైగా బాగా ఉడికించాకే.

"ఆ మటన్ మేం తిన్నామండీ, మాకు వస్తుందా?" అని భయపడతారు. గొర్రె బుడగ తింటే మనిషికి హైడాటిడ్ రాదు. కుక్క పేగు దాటి వచ్చిన గుడ్డుతోనే వస్తుంది.

మంద కాసే కుక్కకు, మటన్ కొట్టు చుట్టూ తిరిగే కుక్కకు 3 నెలల లెక్క చాలదు. ప్రాజీక్వాంటెల్ 6 వారాలకోసారి పడాలి, అప్పుడే అది గుడ్లు పెట్టేలోపు అడ్డుకోగలం. గొర్రెలకు పశుసంవర్ధక శాఖ వాళ్లు వచ్చి నట్టల మందు పోసిన రోజున మీ కుక్క సంగతి కూడా అడగండి. గొర్రెలకు పోసే మందు కుక్కలోని ఈ పురుగును ముట్టదు.

7. ఒంటి మీది పురుగుల్ని వదిలించండి

గోమార్లు వేరు, ఫ్లీస్ వేరు. గోమారి కరుచుకుని కదలకుండా ఉంటుంది. ఫ్లీ వెంట్రుకల్లో పరిగెత్తుతుంది, గెంతుతుంది. బద్దె పురుగును తెచ్చేది రెండోది. అది పోకుండా ఎన్ని మాత్రలు వేసినా నెలకు మళ్లీ వస్తుంది. మెడ మీద పోసే చుక్కల మందు, లేదా మాత్ర డాక్టరు రాస్తారు. కుక్క పడుకునే గోనెసంచిని, దుప్పటిని వేడి నీళ్లలో ఉతికి ఎండలో వేయండి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే కుక్కల చుక్కల మందు దానికి పోయకండి. పర్మెత్రిన్ ఉన్నదైతే పిల్లి చచ్చిపోతుంది.

8. పిల్లలకు మూడు అలవాట్లు

కుక్కను ముట్టుకున్నాక, మట్టిలో ఆడాక, అన్నానికి ముందు సబ్బుతో చేతులు. గోళ్లు పొట్టిగా. కుక్క మూతి నాకితే కడుక్కోవడం. హైడాటిడ్ గుడ్లు కుక్క బొచ్చుకు అంటుకుని ఉంటాయి, కాబట్టి మంద కుక్కను వాటేసుకున్న చేతిని నోట్లో పెట్టుకోనివ్వకండి. కొత్తిమీర, పాలకూర మూడు నీళ్లలో కడగడం పెద్దల పని.

ఎక్కువగా చేసే తప్పులు

"బడిలో మాత్ర వేశారు కదా, ఇంక భయం లేదు" అనుకోవడం. 2015 నుంచి ఫిబ్రవరి 10న జరుగుతున్న జాతీయ నులిపురుగుల నివారణ దినాన 1 నుంచి 19 ఏళ్ల పిల్లలకు ఇచ్చే ఆల్బెండజోల్, మనిషి పేగులో ఉండే పురుగుల కోసం. అది తప్పకుండా వేయించండి. కానీ కుక్క ఏలిక పాము మనిషి పేగులో కాపురం పెట్టదు, దాని పిల్లలు కార్జంలోకో, కంట్లోకో పోయి తిరుగుతాయి. దానికి ఆ ఒక్క మాత్ర చాలదు.

పురుగులు కనిపిస్తేనే మందు వేయడం ఇంకో తప్పు. హైడాటిడ్ పురుగు పొడవు కొన్ని మిల్లీమీటర్లే, మలంలో చూసి గుర్తుపట్టలేరు.

ఇంట్లో రెండు కుక్కలుంటే ఒకదానికే వేయడం. ఇది చెప్పక్కర్లేదనుకుంటాను గానీ, చెప్పాల్సి వస్తూనే ఉంది.

పనిచేసిందో లేదో ఎలా చూడాలి

మర్నాడు, మూడో రోజు మలంలో సేమియా లాంటివి పడితే మంచిదే. అవి కొంచెం కదులుతున్నా కంగారు పడకండి. పైరాంటెల్ పురుగు పట్టు తప్పిస్తుంది, కొన్ని బతికుండగానే బయటపడతాయి. బద్దె పురుగు మాత్రం కనిపించదు, పేగులోనే అరిగిపోతుంది. కాబట్టి ఏమీ పడలేదంటే మందు పనిచేయలేదని కాదు.

తోక కింద చూడండి. తడిగా ఉన్నప్పుడు బియ్యపు గింజలా, ఎండితే నువ్వు గింజలా ఉండేవి బద్దె పురుగు ముక్కలు. మందు వేసిన రెండు మూడు వారాల తర్వాత మళ్లీ అవి కనిపిస్తుంటే, ఫ్లీస్ మిగిలి ఉన్నాయేమో వెంట్రుకలు పాయ తీసి చూడండి.

రెండు వారాల తర్వాత మలం పరీక్ష చేయిస్తే ఇంకా నమ్మకం. ఆ రోజు పొద్దున వేసిన తాజా మలం, నేలకు తగలని పైభాగం నుంచి చిన్న ఉసిరికాయంత, మూత ఉన్న డబ్బాలో. ఒకసారి ఏమీ లేదని వచ్చినా పూర్తిగా నిశ్చింత కాదు, గుడ్లు రోజూ ఒకేలా పడవు.

కుక్కపిల్ల చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి. తెల్లబడి, మలం తారులా నల్లగా వస్తుంటే కొంకి పురుగు రక్తం తాగేస్తోందని అర్థం. కడుపు కుండలా గట్టిపడి వాంతులవుతున్నా ప్రమాదమే. ఈ రెండింటికీ తెల్లవారేదాకా ఆగకూడదు.

మనుషుల్ని డాక్టరుకు ఎప్పుడు చూపించాలి

పాదం మీదో, పిరుదు మీదో ఎర్రటి గీత మెలికలు తిరుగుతూ రోజుకు కొంచెం కొంచెం జరుగుతూ, రాత్రిళ్లు విపరీతంగా దురద పెడితే అది కుక్క కొంకి పురుగు. గీత ఎక్కడిదాకా వచ్చిందో పెన్నుతో గుర్తు పెట్టి మర్నాడు చూస్తే జరిగిందీ లేనిదీ తెలిసిపోతుంది. సూదితో గీకకండి, పురుగు గీత చివర కంటే ముందే ఉంటుంది. చర్మం డాక్టరు మాత్రలతో తగ్గిస్తారు.

పిల్లకు ఒక కన్ను మెల్లకన్నులా మారినా, ఒక కంటితో సరిగ్గా కనపడటం లేదన్నా, కంటిపాపలో తెల్లగా మెరిసినా వెంటనే కంటి డాక్టరు. తగ్గని జ్వరం, దగ్గు, పిల్లికూతలు ఉండి రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ (తెల్ల రక్తకణాల్లో ఒక రకం) బాగా పెరిగితే పిల్లల డాక్టరు. ఇక్కడ పిల్లవాడి మలం పరీక్షలో ఏమీ దొరకదు, ఆ పురుగు పేగులో లేదు కాబట్టి. రక్తపరీక్షే చేయాలి.

హైడాటిడ్ ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా పెరుగుతుంది. ఇంకేదో నొప్పికి స్కానింగ్ తీయిస్తే కార్జంలో నీటి తిత్తి అని రాస్తారు. అప్పుడు కుక్కలు, గొర్రెలతో మీకున్న సంబంధం డాక్టరుకు చెప్పండి. ఆ తిత్తి పగిలితే ఒళ్లంతా రియాక్షన్ వచ్చి ప్రాణాపాయం కావచ్చు కాబట్టి, హైడాటిడ్ అవునో కాదో తేలకముందే సూది గుచ్చి నీళ్లు తీయించుకోవద్దు. పొట్ట మీద నాటు మర్దనాలు అసలే వద్దు.

వీటిలో దేనికి వెళ్లినా "ఇంట్లో కుక్కపిల్ల ఉంది, ఫలానా తేదీన నట్టల మందు వేశాం" అని మీరే ముందు చెప్పండి. ఓపీలో వాళ్లకు అడిగే తీరిక ఉండదు. క్యాలెండర్ పేజీ ఫోటో తీసుకుని వెళ్తే ఇంకా మంచిది.